తాడు పట్టినవాడి వాటా

వీరబ్రహ్మం కోపిష్ఠి. ఆ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ ఉలిక్కిపడరు. చినమెరకలో మత్స్యకారుల పేట ఈ చివర ఆయన గొంతు లేస్తే ఆ చివర కుక్కలు లేచి పక్క వీధికి పోతాయి. భార్య మరిడమ్మకు మాత్రం ఆ గొంతంటే లెక్కేలేదు. "అరవడం అయ్యాక చెప్పండి, అన్నం వడ్డిస్తాను" అని లోపలికి పోయే మనిషి ఆవిడ.

భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులున్న ప్రతి ఊరికీ ఒక పట్టుబడి ముఠా ఉంటుంది. చేప ఎదిగాక చెరువులో వల దించి, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు లాగి, ఐసు లారీ ఎక్కించేదాకా వాళ్ళదే పని. చినమెరక ముఠాకి వీరబ్రహ్మం మేస్త్రి. మేస్త్రి అంటే ఏదో పెత్తనం అనుకునేరు! ఒకడి భార్యకి జ్వరం వస్తే ఆటో పిలవాలి. మాటల్లేని ఇద్దరు తోడల్లుళ్ళ మధ్య తను నిలబడి ముగ్గురూ ఒకే తాడు లాగాలి. పని చెడితే చెరువుగల రాజుగారి చేత మాటలు పడాలి, పని బాగుంటే రాజుగారు చేపను మెచ్చుకుంటుంటే వినాలి. ఇరవై ఏళ్ళుగా ఆయన చేస్తున్న పెత్తనం ఇదీ.

అలాంటి మనిషికి ఈమధ్య నిద్ర సరిగా పట్టడం లేదు. చుట్టుపక్కల ఊళ్ళలోకి లారీ ముఠాలు దిగాయి. బెంగాల్ నుంచో బీహార్ నుంచో వచ్చిన కుర్రాళ్ళు, ఒక్కో లారీలో నలభై మంది, వల కూడా వాళ్ళదే. ఎక్కడ ఫోన్ చేస్తే అక్కడ దిగుతారు, లాగుతారు, వెళ్ళిపోతారు. కూలి సగం. పక్క ఊరి ముఠా ఆర్నెల్లలో చెదిరిపోయింది. ఆ ముఠాలో పనిచేసే రాజేంద్ర ఇప్పుడు కాకినాడలో ఆటో తోలుతున్నాడు. రాజేంద్ర తండ్రి చిట్టియ్య చినమెరక ముఠాలోనే వీరబ్రహ్మానికి కుడిభుజం. కొడుకు గుర్తొచ్చినప్పుడల్లా చిట్టియ్య తాడు మీద పట్టు బిగించి పళ్ళు నూరేవాడు.

ఇక చినమెరక ముఠాకి మిగిలిన ఆధారం ఒక్కటే. సుబ్బరామరాజు గారి పెద్ద చెరువు. ఊళ్ళో అన్ని చెరువులూ కలిపినా దాని ముందు చిన్నవే. అది చేతిలో ఉంటే ముఠా ఉంటుంది, ముఠా ఉంటే పేట ఉంటుంది. అదీ పోయిందా, పది కుటుంబాలు తలో దారి. వీరబ్రహ్మం పడుకున్నా లేచినా ఇదే ఆలోచన.

ఒకరోజు పొద్దున్నే దొరబాబు టీ కొట్లో టీవీ నడుస్తోంది. ఏదో దేశం బయటివాళ్ళకి ఇక ఉద్యోగాలివ్వదట. తమ పనివాళ్ళ బతుకు తమకి ముఖ్యం అని ఎర్రటి టై కట్టుకున్న ఒక పెద్దమనిషి బల్ల గుద్ది మరీ చెబుతున్నాడు. తెల్ల చొక్కా నలగకుండా బెంచీ అంచున కూర్చున్న సుబ్బరామరాజు గారికి మండిపోయింది.

"చూశావా వీరబ్రహ్మం! మా మేనల్లుడు వంశీకి అంతా అయిపోయింది, విమానం ఎక్కడమే తరువాయి. ఇప్పుడు రావద్దంటారా? మనం వెళ్ళి వాళ్ళ పొట్ట కొడుతున్నామంట! ఇదెక్కడి న్యాయమయ్యా?"

వీరబ్రహ్మం టీ ఊదుకుంటూ అన్నాడు. "న్యాయంగానే ఉందండి."

దొరబాబు టీ వడగడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏంటీ?" అన్నారు రాజుగారు.

"ఆళ్ళ దేశం, ఆళ్ళ పనోళ్ళు. ముందు ఆళ్ళని చూసుకోవద్దాండి? మావోళ్ళని అలా చూసుకునే మారాజు ఉంటే నేను పొద్దున్నే లేచి ఆయనకో దణ్ణం పెడుదును."

"అది వేరు, ఇది వేరయ్యా!"

"ఎక్కడ వేరండి? తమరి మేనల్లుడు గారికి అడ్డమొత్తే అన్యాయం. రేపు మా మీదకి లారీ దిగితే యాపారం. అంతేనాండి?"

కొట్లో ఉన్న నలుగురూ నవ్వు మింగారు. రాజుగారు మాత్రం నిజంగానే నవ్వేశారు. ఆయన చెడ్డమనిషి కాదు. పైసకి పైస చూసే మనిషి, అంతే.

"వాళ్ళు తక్కువకి చేస్తారు వీరబ్రహ్మం. ఒక్క మాట గొణగరు. జాతరని ఆగరు, పెళ్ళని ఆగరు."

"గొణగరని కాదండి. గొణిగితే వినేవోడు లేడిక్కడ ఆళ్ళకి. ఇల్లు లేదు, వాకిలి లేదు, కోపమొత్తే ఎల్లి కూకోడానికి అరుగు లేదు. అందుకే తక్కువకి దొరుకుతున్నారు. రేటు పడగొట్టింది ఆళ్ళు కాదండి, ఆళ్ళ దిక్కులేనితనం. దాన్ని తెచ్చి మా నెత్తిన పెడుతున్నారు తమరంతా." గొంతు లేచింది. వీధిలో కుక్క ఒకటి చెవులు రిక్కించింది. "మొన్న వాయుగుండం రోజున తమరి గట్టు తెగబోతే పొద్దస్తమానం మట్టి బస్తాలు మోసింది ఎవరండి? లారీ ముఠా ఆ రోజు ఏ జిల్లాలో ఉంటుందో ఎవడికి తెలుసు? ఒక్కణ్ణి రానివ్వండి, ఆడెనక ఇంకొకడు, ఆళ్ళెనక లారీ. ఒక్కడితోనే మొదలవుద్దండి. మా పిల్లలు ఇంక వల ముట్టుకోరు. అప్పుడు లారీవోడు ఎంతంటే అంత ఇచ్చుకుందురు గాని."

రాజుగారు గ్లాసు కింద పెట్టారు. మట్టి బస్తాల సంగతి ఆయనా మర్చిపోలేదు. "సరే, వినండి. మీ పేటలో మీరు కట్టుబాటు వేసుకోండి. దాన్ని మీరు తప్పనన్నాళ్ళూ నా చెరువులో బయటి ముఠా దిగదు. మీలో ఒక్కడు తప్పినా ఇంక నన్ను అడగొద్దు."

"మాటేనాండి?"

"మాటే."

ఆ రోజు వీరబ్రహ్మం పేటకి నడిచిన నడక చూడాలి! దేశం దేశమే ఆయన మాట విన్నట్టు, ఎర్ర టై పెద్దమనిషి భుజం తట్టినట్టు నడిచాడు.

సాయంత్రం నూకాలమ్మ గుడి అరుగు మీద పేట కూడింది. కట్టుబాటు అంటే అందరూ ఒప్పుకుని అమ్మవారి ఎదుట చెప్పే మాట. తప్పినవాణ్ణి పేటలో ఎవరూ పలకరించరు. వీరబ్రహ్మం లేచి గంభీరంగా చెప్పాడు. "ఊరోడు కానోడు మన ఊరి చెరువులో వల తాడు ముట్టకూడదు."

అందరూ బాగుందన్నారు. అప్పుడు ఒక్కడు అడిగాడు, ఊరోడంటే ఎవరని.

అంతే, గందరగోళం మొదలైంది. రేషన్ కార్డు ఈ ఊళ్ళో ఉన్నవాడన్నాడు చిట్టియ్య. ముఠాలో పనిచేసే అమ్మిరాజు కార్డు ఇంకా తునిలోనే ఉంది, ఆయన ముఖం చిన్నబోయింది. పోనీ ఇక్కడ పుట్టినవాడు అన్నారు. వీరబ్రహ్మం అల్లుడు ఉదయ్‌కుమార్ ఉప్పాడలో పుట్టి ఇల్లరికం వచ్చాడు. "అయితే నన్ను గట్టు మీద కూకోబెట్టి మీరు లాగండి మావయ్యా" అన్నాడు ఉదయ్‌కుమార్, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా. మూడు తరాల నుంచి ఉన్నవాడు అని ఎవరో అనబోయి, వీరబ్రహ్మం ముఖం చూసి నోరు మూసుకున్నారు. చివరికి తేలింది ఏంటంటే, పేటలో సొంత ఇల్లుండి, అమ్మవారి జాతరకి చందా ఇచ్చేవాడు ఊరివాడు. పసుపునీళ్ళలో ముంచిన వల తాడు మీద అందరూ చేతులు వేశారు. వీరబ్రహ్మం చెయ్యి అన్నిటికన్నా అడుగున ఉంది.

ఇంటికొచ్చి పీట మీద కూర్చోగానే మరిడమ్మ అడిగింది. "ఏవండీ, మీ నాన్న ఈ ఊరొచ్చిన రోజున ఆయనకి ఇల్లుందా?"

"మొదలెట్టావా?"

"అడుగుతున్నాను. చందా ఇచ్చాడా?"

ఆయన తండ్రి సింహాద్రి ఉప్పాడ వాడు. అక్కడ సముద్రం ఒడ్డును కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఒక ఏడు వాళ్ళ వీధి తిన్నది. సింహాద్రి భార్యనీ, ఒక సత్తు గిన్నెనీ వెంటబెట్టుకుని పడమరగా నడిచి నడిచి చినమెరక చేరేసరికి, మురుగు కాలవలో ఊరి ముఠా వల లాగుతోంది. ఆయన ఎవర్నీ అడగలేదు. గిన్నె గట్టు మీద పెట్టి, నీళ్ళలో దిగి తాడు పట్టాడు. ఉప్పాడ ఒడ్డున అలివి వల లాగేటప్పుడు ఎవరు వచ్చి తాడు పట్టినా చేపలో వాటా ఇస్తారు. వాడెవడని అడగరు. ఆ పద్ధతి ఈ ముఠాకీ ఉంది. చేప ఒడ్డున పడ్డాక, పేరు కూడా తెలియని మనిషికి అందరితో సమానంగా ఒక కుప్ప పెట్టారు. ఆ రాత్రి ఆ కుప్పే వండుకుని తిన్నారు. మర్నాటి నుంచి ఆయన ముఠా మనిషి. "తాడు పట్టినోడికి వాటా. అది పెట్టకపోతే వల మనది కాదురా" అని చనిపోయేదాకా అంటూనే ఉండేవాడు.

"అది వేరు, ఇది వేరు!" అని అరిచాడు వీరబ్రహ్మం. అరిచాక ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. రాజుగారు అన్న మాటే.  "నాన్న ఒక్కడు వచ్చాడే. లారీతో దిగలేదు. సగం కూలికి రాలేదు. ఇక్కడే ఉన్నాడు, ఇక్కడే పోయాడు."

"నేనేం కాదన్నానా? చారు పొయ్యనా?" అంది మరిడమ్మ.

పెద్ద చెరువు పట్టుబడి రోజు వచ్చింది. చెరువు పెద్దది గనుక ఒకసారితో పూర్తి కాదు. ఈసారి సగం, నెల పోయాక మిగతా సగం. తెల్లవారేసరికి వల దించారు. ఇద్దరు జ్వరాలతో పడుకున్నారు, ఒకడు పెళ్ళికి వెళ్ళాడు. ఉన్నవాళ్ళతోనే లాగుతున్నారు. అడుగు తాడును కాళ్ళతో బురదలోకి తొక్కుతూ నడవాలి. తాడు లేచిందంటే దాని కింద నుంచి చేప జారిపోతుంది. మూడొంతులు బాగానే వచ్చింది. గట్టుకి దగ్గర పడుతుండగా ఈశాన్యం మూల పాత తాటి మొద్దుకి అడుగు తాడు తగులుకుంది. వల ఒక పక్క కుంగింది. లోపలున్న బొచ్చెలు, శీలావతులు ఎగరడం మొదలెట్టాయి. ఒక్కొక్కటి మొలెత్తు ఎగిరి వల దాటి పడుతోంది. గట్టు మీద రాజుగారు తల పట్టుకున్నారు.

"పట్టండ్రా! పట్టండ్రా!" అని వీరబ్రహ్మం చెరువు దద్దరిల్లేలా అరిచాడు. పట్టడానికి ఎవరున్నారు? ఉన్నవాళ్ళందరి చేతుల్లోనూ తాడే ఉంది.

చెరువు గట్టు మకాంలో కాపలా ఉంటూ చేపకి మేత వేసేవాడు జగబంధు. ఒడిశాలోని గంజాం నుంచి భార్యతో వచ్చి రెండేళ్ళుగా అక్కడే ఉంటున్నాడు. వాడి తెలుగు ఆగి ఆగి వస్తుంది, నవ్వు మాత్రం నిండుగా ఉంటుంది. ఆ కేకకి మేత బస్తా పక్కన పడేసి చెరువులో దూకాడు. గుండెలోతు నీళ్ళలో మొద్దు దగ్గరికెళ్ళి తాడు విడదీసి, భుజానికి వేసుకుని బిగబట్టి నిలబడ్డాడు. వాడికీ సముద్రం ఒడ్డే ఊరు, తాడంటే కొత్త కాదు. వల లేచింది. అందరూ ఒక్క ఊపున లాగారు. చేప గట్టెక్కింది.

లారీ నిండింది. అది బెంగాల్‌లోని హౌరా పోతుంది. మన చేప అక్కడికి వెళ్ళొచ్చు గానీ అక్కడి మనిషి ఇక్కడికి రాకూడదా అని దొరబాబు కొట్లో ఎవరో ఒకసారి అంటే వీరబ్రహ్మం వాణ్ణి తిట్టిపోశాడు.

ఇక మిగిలింది కూర చేప. పట్టుబడి అయ్యాక రాజుగారు ముఠాకి కొంత చేప వదులుతారు. దాన్ని గడ్డి మీద సమానంగా కుప్పలు పోస్తారు. ఒకడు వీపు తిప్పి నిలబడతాడు. మేస్త్రి ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇదెవరిది?" అంటాడు. వీపు తిప్పినవాడు చూడకుండా ఒక పేరు చెబుతాడు. ఎవరికీ పెద్ద చేప ఆశ ఉండకూడదని ఆ ఏర్పాటు. ఆ రోజు అమ్మిరాజు వీపు తిప్పి నిలబడ్డాడు. ఇదెవరిది, చిట్టియ్యది. ఇదెవరిది, ఉదయ్‌ది. కుప్పలు అయిపోయాయి.

అందరికీ చివర, ఒంటి నుంచి నీళ్ళు కారుతూ జగబంధు నిలబడి ఉన్నాడు. బస్సు కోసం నిలబడినట్టు నిమ్మళంగా ఉన్నాడు. ఇంకా తన పేరు రావాలి కదా అన్నట్టు కుప్పల వంక చూశాడు, వీరబ్రహ్మం వంక చూశాడు.

"నాది ఏది?" అన్నాడు.

 చిట్టియ్య కాండ్రించి ఉమ్మేశాడు. వీరబ్రహ్మానికి ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. వీణ్ణి ఎవడు దిగమన్నాడు? పట్టండ్రా అని అరిచినప్పుడు తను వీడి వైపు చూశాడా? చూసినట్టే ఉంది. చూడనట్టూ ఉంది. తాడు ముట్టాడు, కట్టుబాటు తప్పింది. ముట్టకపోతే చేప పోయేది, చేపతో పాటు చెరువూ పోయేది. వీడికి ఇల్లు లేదు, చందా లేదు. తన తండ్రికి మాత్రం ఏముంది? సత్తు గిన్నె.

ఆలోచన ఎటూ తెగక, తన కుప్ప రెండు చేతులా ఎత్తి జగబంధు ముందు పెట్టాడు. "తీసుకో."

జగబంధు వంగలేదు. "ఇది నీది. నీ ఇంట్లో ఏం వండుతారు? నాది ఏది?"

"ఇదే నీది అంటున్నానా! తీసుకుని పో!" అని అరిచాడు వీరబ్రహ్మం. కొంగలు లేచిపోయాయి.

"నాకు ముష్టి వద్దు మేస్త్రీ. తాడు పట్టాను. నాకు వాటా కావాలి." వాడి గొంతులో కోపం కూడా లేదు. జీతం అడిగినట్టు అడిగాడు.

 వీరబ్రహ్మం వంగి, అన్ని కుప్పలనీ చేతులతో ఒక్కచోటికి నెట్టేశాడు. "మళ్ళీ పొయ్యండి. ఒకటి ఎక్కువ పొయ్యండి."

"మతిపోయిందా మేస్త్రీ? కట్టుబాటు ఏసింది నువ్వే" అన్నాడు చిట్టియ్య.

"పొయ్యమన్నాను!"

మళ్ళీ కుప్పలు పోశారు. అమ్మిరాజు మళ్ళీ వీపు తిప్పాడు. వీరబ్రహ్మం మూడో కుప్ప మీద చెయ్యి పెట్టాడు. అమ్మిరాజు "జగబంధుది" అన్నాడు. జగబంధు ముందుకొచ్చి, దాన్ని తువ్వాలులో మూటగట్టుకుని, అందరికీ దణ్ణం పెట్టి మకాంలోకి వెళ్ళిపోయాడు. చిట్టియ్య తన కుప్ప ముట్టుకోలేదు. "నా కొడుకు ఆటో తోలుతున్నాడు మేస్త్రీ. ఆడికి ఎవడు కుప్ప పెట్టాడు?" అని గట్టెక్కి పోయాడు.  వీరబ్రహ్మం ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ ఇంటికి నడిచాడు.

సాయంత్రం ఫోన్ మోగింది. "ఏవండి వీరబ్రహ్మంగారూ!" రాజుగారు గారూ అన్నారంటేనే ఏదో మూడిందని అర్థం. "మీ కట్టుబాటు మీరే ఎత్తేశారటగా?"

"తమరి చేప పోతుంటే పట్టాడండి ఆడు. తమరు చూత్తానే ఉన్నారు కదండి."

"పట్టాడు, బానే ఉంది. వాటా కూడా పెట్టావు కదయ్యా. అంటే ఊరివాడైపోయినట్టేగా."

"ఒక్కడేనండి."

"ఒక్కడితోనే మొదలవుతుందన్నది నువ్వే కదా టీ కొట్లో." ఆయన గొంతులో ఎకసెక్కం పోయింది. నెమ్మదిగా అన్నారు. "నా మాట నేను తప్పలేదు. మేత రేటు చూశావుగా ఎలా ఉందో. వచ్చే నెల రెండో పట్టుబడికి లారీని పిలుస్తున్నాను. ఏమీ అనుకోకు."

ఫోన్ పెట్టేశాక వీరబ్రహ్మం అరవలేదు. మరిడమ్మకి అది చూసి భయం వేసింది. కంచం ముందు కూర్చుని ఆయన ఒక్కో మాటా బయటికే అనుకున్నాడు. వాటా పెట్టకపోతే నాన్న మాట పోయేది. పెడితే చెరువు పోయింది. నేను టీ కొట్లో అన్నది తప్పా? తప్పు కాదు. మరి గట్టు మీద చేసింది తప్పా? అదీ కాదు. "రెండూ తప్పు కానప్పుడు ఇదెలా తప్పిందే?" అన్నాడు భార్యతో. ఆవిడ ఈసారి అడక్కుండానే చారు పోసింది.

మర్నాడు మకాం దగ్గరికి వెళ్ళాడు. తిడదామనే వెళ్ళాడు, అది దాచడం ఎందుకు? జగబంధు భార్య గట్టు మీద చేప ఎండబెడుతోంది. లారీ సంగతి చెబితే జగబంధు ముఖం వాడిపోయింది. "వాళ్ళు మావాళ్ళు కాదు మేస్త్రీ. వాళ్ళ భాష నాకు రాదు. లారీవాడి కాపలావాడు వేరే ఉంటాడు. నన్ను పొమ్మంటారేమో. మీ కట్టుబాటులో నన్ను కూడా పెట్టుకోవాల్సింది కదా?" అన్నాడు. వీరబ్రహ్మం తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, వాడిచ్చిన టీ తాగి తిరిగొచ్చాడు.

నెల తిరిగింది. పేట నుంచి ఎవరూ గట్టు మీదకి వెళ్ళలేదు. చిట్టియ్య కొడుకు దగ్గరికి కాకినాడ వెళ్ళిపోయాడు. ఉదయ్‌కుమార్ రొయ్యల ప్లాంటులో చేరాడు. వీరబ్రహ్మం మాత్రం ఉండబట్టలేక వెళ్ళాడు. ఇరవై ఏళ్ళు లాగిన చెరువు, పరాయివాళ్ళు ఎలా లాగుతారో చూడకుండా ఎలా ఉంటాడు?

లారీ ముఠా అప్పటికే సగం చెరువు దాటింది. మీసాలు సరిగా రాని పిల్లలు, బక్కచిక్కిన చేతులు. వాళ్ళు ఏదో భాషలో కేకలేసుకుంటున్నారు. కంట్రాక్టరు శ్రీకాంత్ మాత్రం తెలుగువాడే. తుని దగ్గరివాడు, టోపీ పెట్టుకుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. పరాయివాడు అనుకుని తిట్టుకుందామన్నా వీలు లేదు.

ఈశాన్యం మూలకి వచ్చేసరికి అడుగు తాడు అదే మొద్దుకి తగులుకుంది. వల కుంగింది. చేప ఎగిరింది. పిల్లలు అటూ ఇటూ చూస్తూ అరుస్తున్నారు. అందులో ఒకడు జారిపడి నీళ్ళు మింగి లేచాడు. ఎవరో ఒక మాట పదేపదే అరిచారు. వీరబ్రహ్మానికి ఆ భాష రాదు. కానీ ఆ కేక ఆయనకి తెలిసిన కేకే. పోతే పోనీ వెధవ చేప అనుకున్నాడు. అనుకుంటూనే పంచె ఎగ్గట్టి నీళ్ళలో దిగాడు. తాడు విడదీసి భుజానికి వేసుకున్నాడు. పక్కనున్న కుర్రాడు ఆయన్ని చూసి నవ్వి, తాడు మీద చెయ్యి జరిపి చోటిచ్చాడు. వల లేచింది. అందరితో కలిసి ఆయన కూడా లాగాడు.

చేప గట్టెక్కింది. ట్రేలు నింపారు, తూచారు, లారీ ఎక్కించారు. వీరబ్రహ్మం గడ్డి మీద నిలబడ్డాడు. కుప్పలు పోస్తారని కాదు, కాళ్ళు వాటంతట అవే అక్కడ ఆగాయి. ఎవరూ కుప్పలు పొయ్యలేదు. ఎవరూ వీపు తిప్పలేదు. తడి బట్టలతోనే పిల్లలు ఖాళీ లారీలో ఎక్కి కూర్చుంటున్నారు. చోటిచ్చిన కుర్రాడు గట్టు మీద మిగిలిన ట్రేలో చేపల వంక ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

శ్రీకాంత్ ఫోన్ జేబులో పెట్టుకుని దగ్గరికొచ్చాడు. మంచివాడే పాపం. ప్లాస్టిక్ కవర్లో రెండు శీలావతులు వేసి అందించాడు. "బాగా సాయం చేశారు పెద్దాయనా! ఇంటికి తీసుకెళ్ళి కూర వండించుకోండి."

వీరబ్రహ్మం కవరు పట్టుకోలేదు. మకాం దగ్గర సామాను మూటగట్టుకుంటున్న జగబంధు చెయ్యి ఆపి ఇటే చూస్తున్నాడు. గొంతు లేపుదామనుకుంటే లేవలేదు. ఇరవై ఏళ్ళలో ఆ చెరువు గట్టు మీద ఆయన అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఇది నీది బాబూ. నాది ఏది?"

శ్రీకాంత్‌కి అర్థం కాలేదు. లారీలో పిల్లల వంక చూశాడు, మళ్ళీ ముసలాయన వంక చూశాడు. చాలలేదు కాబోలు అనుకుని, ట్రేలోంచి ఇంకో చేప తీసి కవర్లో వేశాడు.